ఇద్దరికీ కుడి భుజమే

సోమవారం

గట్టూరులో కుండ పరీక్షించే ప్రతివాళ్ళూ ఆ పని జరిగినన్నాళ్ళూ అనుమానాల చిట్టా రాయాలి. ఊరు కట్టిన పెద్దలు పెట్టిన నియమం ఇది. ఆధారం అక్కర్లేదు, మొహమాటం అక్కర్లేదు, తోచింది తోచినట్టు రాసి పారేయాలి. రాసినందుకు ఎవరూ ఎవరినీ నిలదీయకూడదు. మిగతా పరీక్షకులు దీన్ని ముక్కుతూ మూలుగుతూ రాస్తారు. నాకు మాత్రం ఊపిరి తీసుకున్నంత సులువు. ఇడ్లీని కూడా తిరగేసి అడుగు చూసి గానీ తిననని మా ఆయన దుర్గాచలం ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు. చూస్తాను. చూస్తే తప్పేమిటి?

పొద్దున పొయ్యి ఆర్పాం. మధ్యాహ్నం పడవలోంచి ఎజ్రా దిగాడు. రాతిదిబ్బ ఊరి పరీక్షకుడు. ఈ ఏడాది నుంచి ప్రతి ఊళ్ళోనూ పరీక్షలో ఒక బయటి మనిషి కూర్చోవాలని గట్టు ఊళ్ళ సమాఖ్య తీర్మానించింది, మమ్మల్ని ఒక్క మాట అడగకుండా. చిన్నవాడే, తక్కువ మాటల మనిషి. మా మాటలు విని నవ్వు ఆపుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో రియాక్టర్‌ని రియాక్టర్ అనే అంటారట, ఆవిరి జనరేటర్‌ని ఆవిరి జనరేటర్ అనే. మాకు అది పొయ్యి, ఇది కుండ. సముద్రం పల్లపు ఊళ్ళన్నీ మింగేశాక ఈ గట్టు ఎక్కిన జనానికి కరెంటూ తాగే నీళ్ళూ రెండూ ఇచ్చింది ఆ కుండలోని ఆవిరే. బతికించేదాన్ని కుండ అనక ఏమంటాం?

"మరి గొట్టాలకి ఈ పేర్లేమిటండీ?" అన్నాడు గోడ మీది పటం చూసి.

"ఇంటి పేర్లు," అన్నాను.

చెప్పక తప్పలేదు. కుండ లోపల వేల గొట్టాలు జడపిన్నుల్లా వంగి నిలబడి ఉంటాయి. పొయ్యిలో కాగిన నీళ్ళు వాటి లోపల తిరుగుతాయి. బయటి నీళ్ళు ఆ వేడికి మరిగి ఆవిరవుతాయి. లోపలి నీళ్ళలో రేడియేషన్ ఉంటుంది, బయటి వాటిలో ఉండకూడదు. రెంటికీ మధ్య అడ్డం ఆ గొట్టం గోడ ఒక్కటే, రెండు గోళ్ళు కలిపినంత మందం. గట్టు ఎక్కిన ప్రతి ఇంటికీ పెద్దలు ఒక గొట్టం రాసిచ్చారు. ఆ గొట్టం బతికున్నంత కాలం ఇంట్లో కుళాయి ఉంటుంది, ఊరి సభలో ఆ ఇంటి మాట చెల్లుతుంది. మరిగే నీళ్ళ ఊపుకి గొట్టాలు అదురుతాయి. అదిరి అదిరి, వాటిని పట్టుకున్న ఇనుప పట్టీలకి రాసుకుని అరుగుతాయి. గోడ మరీ పలచబడితే రెండు చివర్లా మూత వేస్తాం. మూత పడ్డ ఇల్లు గుమ్మంలో ఇత్తడి బిందె బోర్లించుకోవాలి. ఆ రోజు నుంచి వాళ్ళకి వీధి కుళాయే గతి.

"గొట్టం అరిగితే ఇల్లేం చేసిందండీ పాపం?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది.

ఇవాళ్టి అనుమానం: గొట్టం లేనివాడికి మా గొట్టం అరిగితే ఏం, ఊడితే ఏం? ఈ మనిషి మా మేలు కోరి రాలేదు.

మంగళవారం

పరీక్ష మొదలైంది. కుండ అడుగున ఒక యంత్రపు చెయ్యి ఉంటుంది. దాన్ని బయట గదిలోంచి నడిపేది దుర్గాచలం. లోపలి కెమెరా రేడియేషన్ దెబ్బకి ఎప్పుడో గుడ్డిదైపోయింది, కాబట్టి చెయ్యి ఏ గొట్టం నోటి దగ్గర ఆగిందో తెలిసేది ఆయన ఒక్కడికే. ఆయన గుమ్మంలో నిలబడి పిలిచినట్టు ఇంటి పేరు పిలుస్తాడు. నేను "వస్తున్నాం" అని పురుగుని వదులుతాను. పురుగు అంటే వేలెడంత పరికరం. గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకి పాకి, గోడ ఎక్కడ అరిగిందో, ఎంత అరిగిందో, ఏ పక్క అరిగిందో తెర మీద గీసి చూపిస్తుంది. మందంలో నూటికి నలభై పాళ్ళు పోతే మూత.

"బొడ్డు వారిల్లూ!"

"వస్తున్నాం!"

"వరస నంబరు చెప్పరా?" అన్నాడు ఎజ్రా.

"సుట్టాలింటికెళ్ళి గుమ్మంలో నంబరెట్టి పిలుస్తావేటి నువ్వు?" అన్నాడు దుర్గాచలం. గదిలో అందరూ నవ్వారు. ఎజ్రా నవ్వలేదు.

సాయంత్రానికి ఫలితాలు చూశాను. అన్నీ బాగున్నాయి. అదే నచ్చలేదు. కొత్త కుటుంబాలు వచ్చాయనీ నీళ్ళు చాలడం లేదనీ పోయినేడాది పొయ్యి మంట పెంచాం. మంట పెరిగితే మరుగు పెరుగుతుంది, మరుగు పెరిగితే అదురు పెరుగుతుంది, అదురుతో పాటు అరుగుదలా పెరిగి తీరాలి. పెరగలేదట! పొయ్యి ఆర్పడానికి ముందు చాలా రోజులుగా ఆవిరి దారిలో రేడియేషన్ పసిగట్టే కాపలా పెట్టె ఉండుండి కీచుమంటూనే ఉంది. అంటే లోపలి నీళ్ళు ఎక్కడో బయటికి చెమరుస్తున్నాయి. చిల్లు లేకుండా చెమ్మ ఎలా వస్తుంది?

అనుమానం: ఎజ్రా నా పక్కనే కూర్చుని ప్రతి ఫలితాన్నీ తన పెట్టెలోకి ఎక్కించుకుంటున్నాడు. ఎక్కించుకునేవాడు మార్చలేడా? మా కుండ భేషుగ్గా ఉందని నమ్మించి, అది కాస్తా చెడ్డాక మా జనానికి నీళ్ళు పోసే పెత్తనం రాతిదిబ్బ చేతిలోకి తీసుకోవచ్చు.

రాత్రి భోజనాల దగ్గర మా అత్త నూకరత్నం అడిగింది. "మన గొట్టం ఎలాగుందే కోడలా?"

"నిక్షేపంలా ఉందత్తా."

"ఆయన గొట్టం కదేటి. బాగోకేటవుతాది," అంది. మా గొట్టం మా మామగారి పేరు మీద ఉంది. ఆయన పోయాక కూడా ఇంట్లో కుళాయి తిప్పిన ప్రతిసారీ అత్త ఆయన్ని తలుచుకుంటుంది. దుర్గాచలం కంచంలోంచి తలెత్తలేదు. చేపల పులుసు అంటే ఆయనకి అంత ఇష్టం.

బుధవారం

పని అయ్యాక కళ్ళజోడు మర్చిపోయానని వెనక్కి వెళ్తే ఎజ్రా ఒక్కడే తెర ముందున్నాడు. రెండు గొట్టాల గీతలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూస్తున్నాడు. నా అడుగుల చప్పుడు వినగానే తెర ఆర్పేశాడు.

"ఏం చూస్తున్నావ్?"

"ఏం లేదండీ. నేర్చుకుంటున్నాను."

పరీక్షకుడై ఉండి ఇంకా నేర్చుకోవడమేమిటి?

దారిలో బొడ్డు పర్వతాలు మావ ఆపాడు. మా పక్కింటాయన. కుండలో కూడా వాళ్ళ గొట్టం మా గొట్టం పక్కదే. సభలో పెద్ద గొంతు ఆయనది. "ఒలమ్మా వకుళా, ఆ రాతిదిబ్బోడ్ని పడవెక్కించీయండి. ఆడి సూపే నాకు నచ్చలేదు. నువ్వు పెద్ద పరీక్షకురాలివి, నీ మాటొక్కటి సాలు, సభలో నానెత్తుతాను," అన్నాడు.

రేపు చెబుతానన్నాను. చెప్పాలనే అనుకున్నాను.

అనుమానం: తెర ఎందుకు ఆర్పాడు?

గురువారం

పడవెక్కించే ముందు ముఖం మీదే అడిగేద్దామని, మధ్యాహ్నం అతన్ని కుండ గదికి వెళ్ళే ఇరుకు నడవలో పట్టుకున్నాను.

"దాపరికం ఎందుకు? నా చిట్టాలో మొదటి పేరు నీదే," అన్నాను.

అతను తొణకలేదు. "నా చిట్టాలో మొదటి పేరు మీదండీ."

నా జన్మలో నన్ను ఎవరూ అనుమానించలేదు. ఆ పని చేసేదాన్ని నేను. అతను చేతిలో ఉన్న చిన్న తెర తెరిచి నిన్నటి రెండు గీతలూ చూపించాడు.

"ఇది బొడ్డు వారి గొట్టం. పైన వంపు దగ్గర, కుడివైపు అరిగింది. ముప్ఫై పాళ్ళకి దగ్గర. అక్కడ పట్టీ లేదు. మరి దేనికి రాసుకుంది?"

"పక్క గొట్టానికి," అన్నాను. అదురు హద్దు దాటితే గొట్టాలు పట్టీల మధ్యనే ఊగిపోయి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. పుస్తకంలో చదివిందే గానీ మా కుండలో ఎప్పుడూ చూడలేదు. "కుడి పక్కన ఉన్నది మా గొట్టమే."

"ఇది మీ గొట్టం. ఇదీ అదే ఎత్తులో అరిగింది. ఇదీ అంతే అరిగింది."

"ఒకదాన్నొకటి కొట్టుకుంటే రెండూ అరుగుతాయి. ఇందులో నన్ను అనుమానించడానికి ఏముంది?"

"ఒక్క నిమిషం ఇలా నిలబడండి." అతను నడవలో గోడ వైపు తిరిగి నాకు ఎడమ పక్కన నిలబడ్డాడు. ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం. పెళ్ళి ఫోటోకి నిలబెట్టినట్టుందని నాకు విసుగేసింది. "నేను బొడ్డు వారిని. మీరు మీరే. ఇద్దరం ఊగి గుద్దుకున్నాం. నాకు కుడి భుజం కమిలింది. మీకేది కమలాలి?"

"ఎడమది."

"మీ గొట్టం ఏ పక్క అరిగిందో చూడండి."

చూశాను. కుడి పక్క.

పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు గుద్దుకుంటే ఇద్దరికీ కుడి భుజమే కమలదు. ఎలా తిప్పి చూసినా కమలదు. అక్కడ ఇద్దరు లేరు. ఒకే గొట్టంలోకి పురుగు రెండుసార్లు వెళ్ళింది, రెండు పేర్లతో. మా గొట్టంలోకి అసలు వెళ్ళనే లేదు.

"నేను కాదు," అన్నాను. ఎంత పేలవంగా వినిపించిందో!

"మీ మొహం చూశాక తెలిసిందండీ," అన్నాడు ఎజ్రా మెల్లగా. "అయినా పిలిచేది మీరు కాదు కదా."

నేను గోడకి ఆనుకున్నాను. నంబరుతో పిలిస్తే, ఆయన ముందు యంత్రం చూపించే గడి నంబరుతో సరిచూసుకునేవాళ్ళం. మేము పేరు పెట్టి పిలిచాం, పేరు విని నమ్మాం. ఇడ్లీని తిరగేసి చూసే నేను పక్కనున్న మనిషిని ఒక్కసారీ తిరగేసి చూడలేదు.

అనుమానం: ఇవాళ ఏమీ లేదు. అది అనుమానం దాటిపోయింది.

శుక్రవారం

రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి కాఫీల దగ్గర అడిగేశాను.

"మన గొట్టంలోకి పురుగుని ఎందుకు పంపలేదు?"

దుర్గాచలం గ్లాసు కింద పెట్టాడు. ఏదో కల్పిస్తాడని ఎదురుచూశాను. కల్పించి ఉంటే బాగుండేది, అరిచేదాన్ని. "పోయినేడే ముప్ఫైకి దగ్గరకొచ్చీసింది," అన్నాడు. "మంట పెంచినాక ఇంక ఆగదని తెలిసిపోయింది. సెయ్యి ఒక్క గడి పక్కకి జరిపినాను, అంతే. ఒక్క గొట్టం కదా అనుకున్నాను."

"నానే అడిగినాను," అంది అత్త వంటింట్లోంచి వస్తూ. "ఆడ్ననకు. ఆయన పేరు మీద మూత పడితే సూడ్లేనని నానే ఏడ్చినాను."

"మనదొక్కటేనా?" అన్నాను ఆయన్ని చూస్తూ.

"మనదొక్కటే."

అడగ్గానే వచ్చింది జవాబు. మామూలుగా ఉప్పు సరిపోయిందా అంటే కూడా ఆలోచించి చెప్పే మనిషి.

అత్తకి విడమరిచి చెప్పాను. కొలవకుండా వదిలేసిన గొట్టం ఎంత పలచబడిందో ఎవరికీ తెలియదు. పైన వంపు దగ్గర ఊగిపోతూ పక్కవాళ్ళ మంచి గొట్టాన్ని గుద్ది గుద్ది అరగదీస్తోంది. కాపలా పెట్టె కీచుమన్నది బహుశా దీని వల్లే. లోపలి నీళ్ళు ఆవిరిలోకి చెమరుస్తున్నాయి.

"తాగే నీళ్ళలోకి వొచ్చీసిందేటే?" అంది అత్త.

"రాలేదు. ఆవిరి వేడికి ఉప్పునీళ్ళు మంచినీళ్ళయ్యే చోట రెంటికీ మధ్య ఇంకో గోడ ఉంది. అది కాస్తోంది."

"ఆ గోడ అరగదేటి?"

"అదీ గోడేగా అత్తా."

ఆమె వెళ్ళి కుళాయి గట్టిగా బిగించింది. తర్వాత దుర్గాచలంతో అంది. "పిల్లగుంటలు తాగే నీళ్ళలోకి మీ అయ్య పేరు మీద ఇసం వొదుల్తామేట్రా? ఆయనుంటే నన్నీ గట్టు మీంచి తోసీసును."

బిందెలో నీళ్ళు మొక్కలకి పోసి, మెట్టు మీద పెట్టి బోర్లించింది. చీర చెంగుతో దాని అడుగు తుడిచింది. "అమ్మా, ఇప్పుడే ఎందుకు, సభలో సెప్పినాక..." అని దుర్గాచలం అంటున్నా వినలేదు. ఆ బిందె పక్కనే కూలబడి వీధిలో అందరూ చూస్తుండగా ఏడ్చింది. నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు. జాలేసింది. కోపమంతా ఆయన కోసం దాచుకున్నాను.

శనివారం

సభ గట్టు మీద, పొయ్యి గోడ నీడలో జరిగింది. ఎజ్రా నా పక్కన నిలబడ్డాడు. దుర్గాచలాన్ని రమ్మనలేదు, తనే వచ్చి నా రెండో పక్కన నిలబడ్డాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా గొట్టానికి మూత వేయించుకుంటున్నాం. ఉత్త మూత చాలదు, లోపల కడ్డీ దూర్చి అదురు ఆపాలి, లేకపోతే మూత పడ్డ గొట్టం కూడా పక్కదాన్ని కొడుతూనే ఉంటుంది. సోమవారం నుంచి పరీక్ష మళ్ళీ మొదటికి. చెయ్యి నడిపేది ఎజ్రా, పిలిచేది నంబర్లు. అది ముగిసేదాకా పొయ్యి వెలగదు, తొట్లలో నీళ్ళు పొదుపుగా వాడుకోవాలి.

"మా ఇల్లు అడిగినట్టు ఈయన్ని ఇంకెవరైనా అడిగి ఉంటే, ఈ సాయంత్రంలోగా మీ బిందె మీరే బోర్లించుకోండి. ఎవరూ ఏమీ అడగరు. బోర్లించకపోతే సోమవారం పురుగే చెబుతుంది," అన్నాను.

బొడ్డు పర్వతాలు మావ ఒక్కడే లేచాడు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"నా గొట్టాన్ని మీ గొట్టం గుద్దీసిందా? దాన్నే రెండుసార్లు కొలిసి మీ పేరు కూడా దాని మీద రాసుకున్నారా? పక్కిల్లని నమ్మినాను కదే వకుళా! ఆ కుర్రోడ్ని పడవెక్కించమని మీ ఇంటి కోసమే తిరిగినానా నాను?"

తల వంచుకున్నాను.

సాయంత్రం వీధులు తిరగడానికి బయల్దేరాను. నాలుగైదు బిందెలు బోర్లించి ఉంటాయని నా అంచనా. నా అనుమానం ఎప్పుడూ నిజం కంటే పెద్దదని ఊళ్ళో నా మీద వెక్కిరింత. ఇవాళ అది చిన్నదైపోయింది. మా వీధి మలుపు తిరిగేసరికే ఇంటింటికీ ఇత్తడి అడుగులు ఆకాశం చూస్తున్నాయి. మొన్న నంబరు మాటకి పగలబడి నవ్విన వాళ్ళ ఇళ్ళ ముందు. పోయినేడు చుట్టపు చూపుగా వచ్చి మా అత్త చేతిలో తాంబూలం పెట్టిన వాళ్ళింటి ముందు. నిలబడి ఉన్న బిందెలు వెతుక్కోవాల్సి వచ్చింది. ప్రతి ఇల్లూ తనదొక్కటే అనుకుంది. ప్రతి ఇంటికీ ఆయన "మీదొక్కటే" అని చెప్పి ఉంటాడు, నాకు చెప్పినంత తొందరగానూ. ఎవరినీ కాదనలేని మనిషని ఆయన్ని ఊరంతా మెచ్చుకునేది. నేను కూడా.

పర్వతాలు మావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బిందె నిలబడే ఉంది. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదని నాకు తెలుసు.

"మావా, నీ గొట్టం ఇంకా హద్దులోనే ఉంది. కడ్డీ వేస్తే మాది ఇంక దాన్ని కొట్టదు," అన్నాను. ఏదో ఒక మంచి మాట చెప్పాలనిపించింది.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "హద్దులో ఉందని ఎవుడు సెప్పినాడు?"

"పురుగు..."

"పురుగు ఏ గొట్టంలోకెల్లిందని ఎవుడు సెప్పినాడు? నీ మొగుడే కదేటి? ఆడు బొడ్డోరిల్లని పిలిసినప్పుడు సెయ్యి నా గుమ్మంలోనే ఉందని నానెలా నమ్మేది?"

ఎజ్రా గీతలు గుర్తుకొచ్చాయి. రెండు పేర్లూ ఒకే గొట్టానివని తేలింది గానీ, ఆ గొట్టం ఎవరిదో తేలిందా? మేమిద్దరం అది బొడ్డు వారిదే అనుకున్నాం. ఎందుకనుకున్నాం? ఆ పేరుతో పిలిచాడు గనక.

పర్వతాలు మావ లేచి, బిందె నీళ్ళు వాకిట్లో ఒంపకుండా వెళ్ళి పక్క తొట్లో పోసి వచ్చి, మెట్టు మీద దాన్ని బోర్లించాడు. "సోమవారం దాకా," అన్నాడు. "నిజం తేలినాక తిప్పుకుంటాను." తప్పు చెయ్యని ఆ ఇంటి బిందె కూడా మా వల్ల బోర్లాపడింది. అన్నిటికంటే అది నన్ను ఎక్కువ కోసింది.

వీధి కుళాయి దగ్గర బారు వంపు తిరిగి గట్టు అంచుదాకా ఉంది. ఎవరూ ఎవరి వైపూ చూడడం లేదు. దుర్గాచలం చెంబు పట్టుకుని చివర నిలబడ్డాడు. వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. వంతు వచ్చాక చెంబు నింపి, తను తాగకుండా ముందు నాకిచ్చాడు. పెళ్ళైన నాటి నుంచీ అది ఆయన అలవాటు.

నేను తాగకుండా, చెంబు దీపం కిందకి ఎత్తి అడుగుదాకా చూశాను.

ఆయన చూశాడు. ఈసారి నవ్వలేదు.